వతరాసె నది మోసుకొచ్చిన రాగి

వరద తీశాక పొలంలో మిగిలిన ఒండ్రును చూసి రైతు సంతోషిస్తాడు. గోదావరి లంకల్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. జపానులో, టోక్యోకు ఉత్తరాన తొచిగి, గున్మ జిల్లాల మధ్య పారే వతరాసె నది ఒడ్డు రైతులు కూడా తరతరాలుగా ఈ నమ్మకంతోనే బతికారు. కొన్నేళ్లకోసారి ఏరు పొంగేది. కొండల మీద ఆకూ అలమూ కుళ్లి తయారైన మట్టి చేలల్లో మేట వేసేది. ఆ ఏడు పంట నీళ్లపాలైనా మరుసటి ఏడు ఎరువు వేయకుండానే వరి, బార్లీ, మల్బరీ ఏపుగా వచ్చేవి. 1890 ఆగస్టులో వచ్చిన వరద కూడా అలాంటిదే అనుకున్నారు. నీళ్లు తీశాయి, మడుల్లో కొత్త మట్టి పరుచుకుంది. కానీ ఆ మట్టిలో వేసిన పైరు వేరూనలేదు. గట్ల మీది వెదుళ్లు వేళ్లు కుళ్లి, పట్టి లాగితే ఊడి చేతికొచ్చాయి.

ఆ మట్టి ఎక్కడిదో తెలుసుకోవడానికి వాళ్లకు ఎంతోకాలం పట్టలేదు. ఎగువన, నిక్కో కొండల అవతల, అషియో అనే ఊళ్లో రాగి గని ఉంది. అప్పటికే ఐదేళ్లుగా ఏట్లో చేపలు చచ్చి తేలుతున్నాయి. ఆయు చేపలు గుంపులుగా చనిపోతున్నాయని 1885లోనే టోక్యో పత్రికలో వార్త వచ్చింది. మనకు పులస ఎంతో జపాను వాళ్లకు ఆయు అంత. ఆ చేప ఏటి అడుగున రాళ్లకు పట్టిన పాచిని గీరుకుని తింటుంది. నీటిలో కలిసిన రాగిని ముందుగా పీల్చుకునేది ఆ పాచే.

అషియో కొత్త గనేమీ కాదు. 1610 నాటికే అక్కడ తవ్వకం మొదలైంది, గని అప్పటి జపాను పాలకులైన తొకుగావా షోగన్ల అధీనంలో ఉండేది. నిక్కోలో షోగన్ల సమాధి మందిరాల కప్పులకూ, నేటి టోక్యో అయిన ఎడోలోని కోటకూ రాగి ఇక్కడి నుంచే వెళ్లింది. 1680లలో ఏడాదికి పదిహేను వందల టన్నుల దాకా తీశారు. అదే శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ నాగసాకి రేవులో జపాను రాగిని ఓడలకెక్కించి మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో దించేది. కోరమాండల్ తీరపు టంకశాలలకూ, పాత్రలు చేసే కంచరులకూ ఆ రాగి కావాలి. తర్వాతి కాలంలో అషియో చిక్కిపోయింది. షోగన్ల పాలన ముగిసేనాటికి అది పాడుబడ్డ గనిగా లెక్క.

1877లో దాన్ని ఫురుకావా ఇచిబేయి కొన్నాడు. చిన్నప్పుడు క్యోటో వీధుల్లో టోఫు అమ్మి, పెద్దయ్యాక పట్టు వ్యాపారంలో నలిగినవాడు. తెలిసినవాళ్లు వద్దన్నా వినలేదు. 1881లో ఒక మంచి రాగి పొర దొరికింది, 1884లో అంతకన్నా పెద్దది బయటపడింది. దాంతో అషియో దేశంలోకెల్లా పెద్ద రాగి గని అయింది. ఒక దశలో జపాను తీసే రాగిలో నలభై శాతం దాకా ఇక్కడిదే. ప్రపంచమంతా టెలిగ్రాఫు తీగలు, కరెంటు తీగలు లాగుతున్న రోజులవి. 1888లో జార్డిన్ మాథిసన్ అనే బ్రిటిష్ వర్తక సంస్థ రెండున్నరేళ్లలోపు 19,000 టన్నుల రాగి కొనేలా ఫురుకావాతో ఒప్పందం రాసుకుంది. అంత సరుకు ఇవ్వాలంటే గని రాత్రింబగళ్లు నడవాలి. 1890లో అషియోలో జలవిద్యుత్ కేంద్రం వెలసింది, జపానులో అలాంటివాటిలో మొదటివరసలోది. కొండ లోపల సొరంగాలు పెరిగి పెరిగి చివరికి 1,200 కిలోమీటర్లు దాటాయి.

గని నుంచి బయటికొచ్చే రాయిలో రాగి పాలు చాలా తక్కువ. రాయిని పొడిచేసి, కడిగి, రాగి ఉన్న భాగాన్ని కొలిమికి పంపాక మిగిలేదంతా రాతిపిండి. దాన్ని దగ్గర్లో ఉన్న వాగు లోయల్లో పోసేవారు. వానాకాలంలో అది ఏట్లోకి జారేది. కొలిమిలోంచి గంధకపు పొగ లేచేది. చుట్టుపక్కల కొండల మీది చెట్లను గని దూలాలకూ బొగ్గుకూ నరికేశారు. నరకగా మిగిలినవాటిని పొగ మాడ్చేసింది. 1887లో పెద్ద కార్చిచ్చు రేగి మత్సుకి లోయను కాల్చేసింది. మామూలుగా కాలిన అడవి మళ్లీ చిగురిస్తుంది, ఇక్కడ పొగ చిగురించనివ్వలేదు. మత్సుకి గ్రామస్థులు పట్టుపురుగులు పెంచుకునేవారు. ఆకు మాడింది, గుర్రాలకు మేత కరువైంది. 1902 నాటికి ఊరే ఖాళీ అయింది. రెండు వేల హెక్టార్లకు పైగా కొండ నేల బోడిగా మిగిలింది.

తర్వాత జరిగిన గొడవంతా అర్థం కావాలంటే ఇక్కడ కాస్త ఆగాలి. చెట్టు లేని కొండ వాన నీటిని పట్టి ఉంచలేదు. నీటితోపాటు మట్టీ రాళ్లూ కిందికి దిగాయి. దారిలో గనివాళ్లు పోసిన రాతిపిండి వాటితో కలిసింది. ఏటి అడుగు పూడి పైకి లేచింది. అడుగు లేచిన ఏరు చిన్న వానకే గట్లు దాటింది. దాటిన ప్రతిసారీ రాగి కలిసిన బురదను పొలంలో పరిచి వెళ్లింది. అంటే వరదను పెంచిందీ, ఆ వరదలో విషం కలిపిందీ ఒకే గని. ఈ రెంటినీ విడదీసి చూడాలని ప్రభుత్వం ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు పడ్డ తాపత్రయమే వతరాసె చరిత్రలో అసలు విషాదం.

రాగి నీళ్లలో కరిగిపోయి సముద్రంలో కలిసిపోతుందనుకుంటే పొరపాటు. ఖనిజంలో అది గంధకంతో ముడిపడి ఉంటుంది. గాలీ నీరూ తగిలితే ఆ ముడి వీడి ఆమ్లం పుడుతుంది, రాగి కరుగుతుంది. కానీ కిందికి పోయేకొద్దీ వాగుల నీళ్లు కలిసి ఆమ్లం పలచబడుతుంది. అప్పుడు రాగి మెత్తటి బంకమట్టి రేణువులకూ, ఇనుపతుప్పుకూ, కుళ్లిన ఆకుల పొడికీ అంటుకుంటుంది. రేణువు ఎంత సన్ననిదైతే అంత ఎక్కువ లోహాన్ని పట్టుకుంటుంది, అంత దూరం పోతుంది. నీరు నిదానించిన చోట దిగుతుంది. నీరు నిదానించే చోటు అంటే వరిమడే. తేటనీటిలో పరీక్ష చేస్తే పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు, అడుగు బురదలో మాత్రం దశాబ్దాల పేరుకుపోత ఉంటుంది. ఈ రోజు నదుల కాలుష్యం చూసే శాస్త్రవేత్తలు నీటి సీసాతోపాటు బురద సంచి కూడా పట్టుకెళ్లేది ఇందుకే.

1890 వరద తర్వాత రైతులు మట్టిని మూటగట్టుకుని టోక్యోలోని వ్యవసాయ కళాశాలకు పంపారు. అక్కడ కొజాయ్ యోషినావో అనే యువ ఆచార్యుడు ఆ మట్టిని పరీక్షించి పైరు చావుకు రాగే కారణమని తేల్చాడు. తర్వాత రోజుల్లో ఆయన టోక్యో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. గనివిషం గురించి రైతులు అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని మాత్రం ప్రభుత్వం 1891లో నిషేధించింది.

ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటులో ఒక సభ్యుడు లేచాడు. పేరు తనాకా షోజో. 1841లో సానో దగ్గర ఒక గ్రామపెద్ద ఇంట్లో పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడే పైవాళ్లతో తగువుపడి జైలుకు వెళ్లాడు. 1890లో జరిగిన జపాను మొట్టమొదటి ఎన్నికల్లో గెలిచాడు. రాజ్యాంగం ఆస్తికి రక్షణ ఇస్తోంది, గనుల చట్టం ప్రజాహితానికి హాని చేసే గనిని ఆపమంటోంది, మరి ప్రభుత్వం ఏం చేస్తోంది అన్నది ఆయన ప్రశ్న. జవాబు చెప్పాల్సిన వ్యవసాయ వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. ఆయన రెండో కొడుకును ఫురుకావా ఇచిబేయి దత్తత తీసుకున్నాడు. జవాబు రాకముందే పార్లమెంటు రద్దయింది. కారణం ఇంకా తేలలేదనీ, రాతిపొడిని పట్టే యంత్రాలను గనివాళ్లు విదేశాల నుంచి తెప్పిస్తున్నారనీ తర్వాత ప్రభుత్వం తీరిగ్గా ప్రకటించింది.

ఆ యంత్రాల పేరు చెప్పి ఊరూరా రాజీ పత్రాలు రాయించుకున్నారు. కాస్త సొమ్ము చేతిలో పెట్టి, యంత్రాలు పనిచేస్తాయో లేదో చూసేదాకా ఫిర్యాదు చేయబోమని మొదట సంతకాలు తీసుకున్నారు. రెండో విడతలో, ఇక శాశ్వతంగా ఏ ఫిర్యాదూ చేయబోమని రాయించుకున్నారు. ఇంట్లో గింజల్లేని రైతు ఆ కాగితం మీద ముద్ర వేయక ఏం చేస్తాడు? ఆ సిరా ఆరీ ఆరకముందే, 1896లో, జులై నుంచి సెప్టెంబరు దాకా మూడుసార్లు వరద వచ్చింది. సెప్టెంబరు వరద అన్నిటికన్నా పెద్దది. వతరాసె, అది కలిసే తొనె నదుల బురద టోక్యో పరిసరాల దాకా వెళ్లింది. నలభై వేల హెక్టార్లకు పైగా నేల దెబ్బతింది. రాజధాని ముంగిట్లోకి వచ్చేదాకా అది ఎక్కడో దూరపు పల్లెల రైతుల గోలగానే ఉండిపోయింది.

తతెబయాషి దగ్గర ఉన్‌ర్యూజి అనే బౌద్ధాలయం ఉద్యమానికి కార్యాలయమైంది. 1897 మార్చిలో రైతులు గడ్డి కోట్లు తొడుక్కుని, రాత్రిపూట నడిచి, టోక్యోకు బయల్దేరారు. దారిలో పోలీసులు చాలామందిని వెనక్కి తోలేసినా వందలమంది మంత్రుల గుమ్మాల దాకా చేరారు. అప్పటి వ్యవసాయ వాణిజ్య మంత్రి ఎనొమొతో తకెఆకి స్వయంగా వచ్చి పొలాలు చూశాడు. చూసి తిరిగి వెళ్లిన కొద్దిరోజులకే పదవి వదిలేశాడు.

ఆ మే నెలలో ప్రభుత్వం గనికి 37 అంశాల ఆదేశం ఇచ్చింది. బురద దిగే చెరువులు తవ్వాలి, వడపోత తొట్లు కట్టాలి, పొగలో గంధకం తీసే గోపురం నిలబెట్టాలి, గడువులోగా పూర్తికాకపోతే గని మూసేయాలి. ఫురుకావా పది లక్షల యెన్‌లకు పైగా ఖర్చుపెట్టి, వేలమంది కూలీలను దింపి గడువులోగా కట్టేశాడు. గోపురం గంధకాన్ని పట్టలేదు. మరుసటి ఏడు సెప్టెంబరు వానకు చెరువుల కట్టలు తెగి, ఏడాదిపాటు పట్టి ఉంచిన బురద ఒక్కసారిగా ఏట్లో పడింది.

1900 ఫిబ్రవరి 13న వేలాదిమంది రైతులు నాలుగోసారి టోక్యోకు బయల్దేరారు. తొనె నది రేవు కవమత దగ్గర పోలీసులు విరుచుకుపడ్డారు. 51 మంది మీద కేసులు పెట్టారు. దాదాపు మూడేళ్లు లాగాక, అభియోగ పత్రం నియమం ప్రకారం రాయలేదన్న కారణంతో ఆ కేసు కొట్టేశారు. నాయకులు కోర్టుల చుట్టూ తిరుగుతుండగా ఊళ్లలో ఉద్యమం చల్లబడింది. తనాకా పార్లమెంటు సభ్యత్వానికి రాజీనామా చేశాడు. 1901 డిసెంబరు 10న, పార్లమెంటు నుంచి తిరిగివస్తున్న మేజీ చక్రవర్తి గుర్రపుబండి వైపు అర్జీ చేతపట్టుకుని పరుగెత్తాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. ఆ అర్జీ మొదటి ప్రతి రాసింది కొతొకు షూసుయ్ అనే పత్రికా రచయిత. తనాకా దాన్ని దారిలోనే దిద్ది, దిద్దిన ప్రతిచోటా ముద్ర వేశాడు. అంగరక్షకులు ఆయన్ను పట్టుకున్నారు. చక్రవర్తి బండికి అడ్డం వెళ్లినవాణ్ని విచారిస్తే దేశమంతా ఆ మాటే మాట్లాడుతుంది కనుక పిచ్చివాడని చెప్పి మర్నాడే వదిలేశారు. నెల తిరక్కుండానే టోక్యో విద్యార్థులు దాదాపు వెయ్యిమంది రైలెక్కి వచ్చి ఆ పొలాలు చూశారు. ఆ ముద్రల అర్జీ ఇప్పుడు సానోలోని ప్రదర్శనశాలలో ఉంది. 2014 మేలో అప్పటి చక్రవర్తి అకిహితో అక్కడికి వెళ్లి దాన్ని చూశాడు.

విద్యార్థుల రాకతో ప్రభుత్వానికి ఒక విచారణ కమిటీ వేయక తప్పలేదు. 1903లో వచ్చిన దాని నివేదికను జాగ్రత్తగా చదవాలి. పొలాల్లో ఉన్న రాగిలో చాలావరకు 1897 ఆదేశానికి ముందు కొట్టుకొచ్చిందేనని అది తేల్చింది. అంటే ఇప్పటి గని తప్పేమీ లేదు, మిగిలింది పాత బురద, దాన్ని కదిలించేది వరద. కనుక వరదను ఆపితే చాలు. ఇందులో సగం నిజం ఉంది. పాత బురద కదులుతూనే ఉంటుంది, ఏటి అడుగున ఉన్న లోహం ఎన్ని దశాబ్దాలైనా పోదు. కానీ ఆ సగం నిజాన్ని పట్టుకుని, కొండ మీద ఇంకా రాజుకుంటున్న కొలిమిని లెక్కలోంచి తీసేశారు. గనివిషం అనే మాట ఆ రోజు నుంచి సర్కారు కాగితాల్లో వరద నివారణగా మారిపోయింది.

వరదను ఆపడానికి పల్లంలో ఒక పెద్ద జలాశయం కట్టి, పొంగిన నీటిని అందులో నిలిపి, బురదను అక్కడే దింపాలని నిర్ణయించారు. మొదట అడిగిన సైతమ జిల్లా గ్రామాలు ఒప్పుకోలేదు. తర్వాత చూపు వతరాసె, ఒమొయ్, ఉజుమ నదులు కలిసేచోటున్న యనాకా మీద పడింది. దాదాపు 2,700 మంది ఉన్న ఊరు. 1904 డిసెంబరులో ఒక రాత్రి తొచిగి జిల్లా సభ తలుపులు మూసుకుని ఆ ఊరిని కొనడానికి డబ్బు మంజూరు చేసింది. తనాకా అప్పటికే తన ఇల్లు వదిలి యనాకాకు వచ్చి ఉంటున్నాడు. వరదకు తెగిన ఊరి గట్టును ప్రభుత్వం బాగుచేయలేదు. ఊరివాళ్లు తాము వేసుకున్న గట్టునూ నిలవనివ్వలేదు. నీళ్లలో ఉండలేక ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్లారు. కొందరిని నాసు బీడుభూములకూ, మరికొందరిని ఉత్తరాన మంచుకొండల హొక్కైడోలో సరొమా అనే చోటికీ పంపారు. వరి తప్ప తెలియని కుటుంబాలు అక్కడ అడవి నరుక్కుని బతకాల్సి వచ్చింది.

1906 జులైలో యనాకా అనే గ్రామం పేరు రికార్డుల్లోంచి తీసేశారు. మిగిలిన 16 ఇళ్లను 1907 జూన్ 29 నుంచి జులై 5 వరకు, రోజుకు రెండు మూడు చొప్పున, పోలీసులను పెట్టి కూల్చారు. అప్పుడు దేశీయ వ్యవహారాల మంత్రి హరా తకాషి. అంతకుముందు ఏడాదే ఆయన ఫురుకావా గనుల సంస్థకు ఉపాధ్యక్షుడు. ఇల్లు కూలిన కుటుంబాలు కదల్లేదు. కూలిన ఇంటి పక్కనే రెల్లుగడ్డితో, వెదురుతో గుడిసె వేసుకుని, వాన వస్తే పడవలోకెక్కి, ఏళ్లపాటు అక్కడే ఉన్నారు. నష్టపరిహారం చాలదని కోర్టుకెక్కారు. 1919లో తీర్పు వాళ్లవైపు వచ్చినా దక్కింది నామమాత్రం.

తనాకా ఆ తీర్పు చూడలేదు. చివరి ఏళ్లలో ఆయన నదుల వెంట కాలినడకన తిరిగి, ఎక్కడ అడుగు ఎంత లేచిందో, ఎక్కడ నీరు ఎటు తిరిగిందో ఊరి పెద్దల్ని అడిగి రాసుకున్నాడు. 1913 సెప్టెంబరు 4న ఒక రైతు ఇంట్లో చనిపోయాడు. ఆస్తి అంతా ఉద్యమానికే ఖర్చయింది. దగ్గర ఉన్న సంచిలో రాస్తూ రాస్తూ ఆపిన కాగితాలు, క్రొత్త నిబంధన గ్రంథం, మత్తయి సువార్తతో కలిపి కుట్టిన రాజ్యాంగ ప్రతి, డైరీలు, ఎండబెట్టిన ఏటి నాచు, ముక్కు తుడుచుకునే కాగితం, మూడు గులకరాళ్లు దొరికాయి. అంత్యక్రియలకు వేలాదిమంది వచ్చారు. సమాధి తమ ఊళ్లోనే ఉండాలని ఎవరికి వారు పట్టుబట్టడంతో అస్థికలను పంచి వేరువేరు చోట్ల సమాధులు కట్టారు.

యనాకా మునిగాక ఎగువ రైతుల కష్టం తీరిందా? గున్మ జిల్లాలో, ఇప్పుడు ఓతా నగరంలో కలిసిన మోరిత అనే ఊరుంది. కొండల్లోంచి వతరాసె కాలువ మొదట తగిలే పొలాలు వాళ్లవి. అక్కడ ప్రతి మడికీ నీళ్లు వచ్చే మడవ దగ్గర రైతులు ఒక చిన్న గుంట తవ్వి ఉంచేవారు. నీళ్లు ముందు ఆ గుంటలో ఆగాలి, బురద అడుక్కి దిగాలి, పైన తేరిన నీళ్లే మడిలోకి పోవాలి. పంట కోశాక గుంటలో దిగిన బురదను పారతో ఎత్తి గట్టు మీద కుప్ప పోసేవారు. ఆ కుప్పలు ఏటేటా పెరిగి చిన్నచిన్న దిబ్బలయ్యాయి, వాటి మీద గడ్డి కూడా సరిగా మొలిచేది కాదు. ఇంత చేసినా మడవ దగ్గరి వరి పొట్టిగా, పసుపుపచ్చగా, పిలకలు లేకుండా నిలిచేది. మడికి అవతలి చివర మాత్రం పైరు బాగానే ఉండేది. పొలం అంచున నిలబడి చూస్తే లోహం ఎక్కడ దిగిందో పైరు ఎత్తే గీత గీసినట్టు చెప్పేసేది. ఇందులో రైతు కనిపెట్టిన పద్ధతి, ప్రభుత్వం యనాకాలో చేసింది ఒకటే. తేడా ఏమిటంటే, రైతు తన మడిలో ఒక మూలను వదులుకున్నాడు, ప్రభుత్వం పరాయివాళ్ల ఊరిని వదిలేసింది.

1958 మే 30న అషియోలో గెంగొరోసవ అనే లోయలోని రాతిపిండి దిబ్బ కూలి వతరాసెలో పడింది. నాట్లకు నీళ్లు పెట్టే రోజులవి. మోరిత మడుల్లోకి ఆ బురద నేరుగా వచ్చింది. ఒందా మసకజు నాయకత్వంలో రైతులు మళ్లీ లేచారు. యాభై ఏళ్ల కిందటి తాతలకూ వీళ్లకూ ఒక తేడా ఉంది, వీళ్ల చేతిలో కొలతలున్నాయి. 1968లో ఏటి నీటికి రాగి 0.06 పీపీఎం మించకూడదని ప్రభుత్వం హద్దు పెట్టింది. 1970లో పంటభూముల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. ఆ తర్వాత వరి పొలపు మట్టిలో కిలోకు 125 మిల్లీగ్రాములకు మించి రాగి ఉంటే ఆ భూమిని బాగుచేయాల్సిందేనని నిర్ణయించారు.

చట్టం వచ్చిన మరుసటి ఏడే ఇంకో పిడుగు పడింది. మోరిత బియ్యంలో కాడ్మియం ఉంది. రాగి తన ఉనికిని దాచుకోదు. వేళ్లను మాడ్చి, పైరును గిడసబార్చి రైతుకు కనిపిస్తుంది, గింజలోకి ఎక్కువగా ఎక్కదు. కాడ్మియం దారి వేరు. పైరు పచ్చగానే ఉంటుంది, కంకి నిండుగానే ఉంటుంది, లోహం గింజలోకి చేరి, తిన్నవాళ్ల మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. మడిలో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం అది గంధకంతో కలిసి మట్టిలోనే ముడిపడి ఉంటుంది. కోతకు ముందు నీళ్లు తీసేస్తే గాలి తగిలి ముడి వీడుతుంది, సరిగ్గా గింజ పాలుపోసుకునే రోజుల్లో వేళ్లకు అందుతుంది. అంటే ఎనభై ఏళ్లుగా రైతుల కంటికి కనిపించిన నష్టం వెనుక, కనిపించని నష్టం ఒకటి అదే బురదలో కూర్చుని ఉంది.

లోహాన్ని బట్టి ప్రమాదం మారుతుందన్న ఈ సంగతినే స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ హాకన్సన్ 1980లో ఒక లెక్కలోకి తెచ్చాడు. అడుగు బురదలో ఒక్కో లోహం ఆ చోటి సహజ స్థాయికన్నా ఎన్ని రెట్లు ఉందో చూసి, దాన్ని ఆ లోహపు విషగుణంతో హెచ్చవేస్తారు. జింకుకు 1, రాగికీ సీసానికీ 5, ఆర్సెనిక్‌కు 10, కాడ్మియంకు 30, పాదరసానికి 40. అన్నీ కలిపితే ఆ నదికున్న జీవావరణ ముప్పు అంకెగా వస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో నదుల అడుగు మట్టి పరీక్షల్లో ఈ లెక్క తరచూ కనిపిస్తుంది. అయితే ఆ మట్టి మీద ఆధారపడి ఎవరు బతుకుతున్నారో, ఆ నీరు ఎవరి మడిలో ఆగుతుందో ఆ అంకె చెప్పదు. మోరిత మడవ దగ్గరి గుంట ఆ లెక్కకు అందేది కాదు.

గని 1973 ఫిబ్రవరిలో మూతపడింది. మరుసటి ఏడు మేలో, ప్రభుత్వ మధ్యవర్తిత్వంలో, కంపెనీ తన బాధ్యతను ఒప్పుకుని మోరిత ప్రాంతంలోని 971 మంది రైతులకు 155 కోట్ల యెన్‌లు చెల్లించింది. మొదటి వరద నాటి నుంచి లెక్కేస్తే 84 ఏళ్లు. పాత మట్టిని తీసి, మరోచోటి మట్టి తెచ్చి పోసి మడులు బాగుచేసే పని ఆ తర్వాత మరో పాతికేళ్లు సాగింది.

యనాకా ఉన్నచోట ఇప్పుడు 33 చదరపు కిలోమీటర్ల వరదనీటి నిల్వ మైదానం ఉంది. జపానులో ఇంత పెద్దది మరొకటి లేదు. నిలువెత్తు రెల్లు పెరుగుతుంది. ఏటా మార్చిలో ఆ రెల్లును కాల్చే రోజున చూడ్డానికి జనం వస్తారు. 2012లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాకెక్కింది. కొంగలు గూళ్లు కట్టుకుంటున్నాయి, డేగలు చేరుతున్నాయి. మధ్యలో ఒక జలాశయం తవ్వడానికి వచ్చినప్పుడు యనాకా వారసులు తమ ఊరి శ్మశానం మీదికి యంత్రాలను రానివ్వలేదు. అందుకే ఆ సరస్సు ఊరి భాగాన్ని వదిలి పక్కకు వంగి, మ్యాపులో హృదయాకారంలో కనపడుతుంది. గుడి ఉన్న దిబ్బ, గ్రామ కార్యాలయం ఉన్న చోటు, సమాధి రాళ్లు నేటికీ రెల్లు మధ్యన ఉన్నాయి.

పైన అషియోలో కొండలు పచ్చబడటం మొదలైంది. 1956లో కొత్త రకం కొలిమి వచ్చాక గంధకపు పొగ తగ్గింది. ఆ ఏటి నుంచే ప్రభుత్వం మత్సుకి లోయలో గడ్డివిత్తనాలూ మట్టీ కలిపిన ఇటుకలను పేర్చి నాటడం మొదలుపెట్టింది. 1990ల నుంచి ప్రతి వసంతంలో కింది ఊళ్ల జనం మొక్కా, వీపున మట్టిమూటా మోసుకుని మెట్లెక్కి వెళ్తున్నారు. మట్టి కూడా మోయాలి, ఎందుకంటే కొండ మీద మట్టి లేదు. ఆ మట్టంతా ఎప్పుడో కిందికి వెళ్లిపోయింది.

2011 మార్చి 11న తూర్పు జపానును కుదిపిన భూకంపానికి గెంగొరోసవ దిబ్బ మళ్లీ కూలింది. 1958లో కూలినదీ ఇదే. రైలుపట్టాల మీదుగా రాతిపిండి వతరాసెలోకి జారింది, దిగువ నీటిలో సీసం హద్దు దాటి దాదాపు రెట్టింపు తేలింది. అషియోలో ఇలాంటి దిబ్బలు ఇంకా పదికి పైగా ఉన్నాయి. గని మూతపడినా కొండ లోపలి సొరంగాల్లోంచి ఆమ్లపు నీరు ఊరుతూనే ఉంది. నకసాయ్ శుద్ధికేంద్రంలో దానికి సున్నం కలిపి, లోహాన్ని బురదగా దింపి, ఆ బురదను ఊరి పైనున్న సునొకొబషి కట్ట వెనుకకు పంపు చేస్తున్నారు. ఆ కట్ట పటిష్ఠంగా ఉందా, ఎంత నిండింది, పెద్ద భూకంపం వస్తే ఏమవుతుంది అని దిగువ రైతుల సంఘం నేటికీ కంపెనీని అడుగుతోంది, ఏటి నీటిని పరీక్షించాలని పట్టుబడుతోంది. ఆ సంఘం పుట్టింది 1958 నాటి బురదలోంచే.